పెద్దవాళ్ళ నడక, నిలకడ ఇంట్లోనే సరిచేసుకోవడం ఎలా: మొదటి పరీక్ష నుంచి చేతికర్ర దాకా

"అమ్మ రోజూ అరగంట వాకింగ్ చేస్తుంది, అయినా తూలుతోంది, ఇంకా ఎక్కువ నడవమని చెప్పాలా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నన్ను అడగని వారం లేదు. నేను ఫిజియోథెరపిస్టుని. తూలే మనిషిని ఇంకా నడవమంటే ఇంకా తూలుతుంది అని చెబుతుంటాను. ముందు పిక్కలో బలం, తుంటి పక్కన పట్టు, ఒంటికాలి మీద నిలబడే నిలకడ రావాలి. నడక పెంచడం ఆ తర్వాత.

ఈ పని ఒక వరుసలో చేయాలి. వరుస తప్పితే నెలరోజులు కష్టపడ్డా పెద్దగా తేడా కనపడదు, మధ్యలో పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

## 1. ఒక్క అడుగులో ఏం జరుగుతుందో ముందు చూడండి

ఇది తెలియకుండా వ్యాయామాలు మొదలుపెడితే ఏది ఎందుకు చేస్తున్నామో అర్థం కాదు, కాబట్టి ఓపికగా చదవండి.

నడిచేటప్పుడు ఒక్కో కాలు దాదాపు 60 శాతం సమయం నేల మీద, 40 శాతం గాలిలో ఉంటుంది. లెక్క వేస్తే రెండు కాళ్ళూ కలిసి నేల మీద ఉండేది 20 శాతమే. మిగతా సమయమంతా మనం ఒంటికాలి మీదే ఉంటాం. ఒంటికాలి మీద నిలబడలేని మనిషి అడుగులు చిన్నవి చేసుకుని, కాళ్ళు ఎడం చేసుకుని నడిచేది అందుకే.

మడమ నేలకి తగలగానే పాదం టప్పున పడిపోకుండా మెల్లగా దించేది మోకాలి కింద ముందువైపు ఉండే కండ. అది బలహీనమైతే నడుస్తుంటే పక్క గదిలోకి కూడా టప్ టప్ మని చప్పుడు వినిపిస్తుంది. బరువు పడ్డాక మోకాలు మడిచిపోకుండా ఆపేది తొడ ముందు కండ. వెనక నుంచి ఒంటిని ముందుకు నెట్టేది పిక్క.

నాలుగోది పిరుదు పక్కన ఉండే కండ. అందరూ మర్చిపోయేది దీన్నే. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము అవతలి వైపుకి వాలిపోకుండా పట్టి ఉంచేది ఇదే. కావడి భుజం మీద మధ్యలో కాకుండా ఒక కొసకి దగ్గరగా పెట్టారనుకోండి, ఆ పొట్టి వైపు చాలా ఎక్కువ బరువు వేస్తే గానీ కావడి సమంగా నిలవదు. తుంటి దగ్గర సరిగ్గా అదే జరుగుతుంది. ఒంటి బరువు పొడుగు వైపు వేలాడుతుంటే ఈ కండ పొట్టి వైపు నుంచి లాగాలి. అందుకే ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద పడే భారం ఒంటి బరువుకి రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల మనిషికి అది 150 నుంచి 180 కిలోలు.

ఇక నిలకడ. అది మూడు చోట్ల నుంచి వస్తుంది: కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళూ కీళ్ళూ పంపే స్పర్శ. మూడింట్లో ఒకటి తగ్గితే మిగతా రెండూ సర్దుకుంటాయి. షుగర్‌తో అరికాళ్ళ స్పర్శ పోయిన మనిషి కళ్ళమీద ఆధారపడి నడుస్తుంటాడు. తలస్నానంలో సబ్బు నురగకి కళ్ళు మూసుకున్నప్పుడో, గుళ్ళో కళ్ళు మూసుకుని ఆత్మప్రదక్షిణ చేస్తున్నప్పుడో ఒక్కసారిగా తూలేది ఇలాంటివాళ్ళే.

## 2. ఎవరు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా వ్యాయామాలు తర్వాత, ముందు డాక్టర్.

- ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పడం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం. వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందుకి నాలుగున్నర గంటలే గడువు, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.
- పాదం వేలాడిపోవడం, కాలు నేలకి ఈడ్చుకుంటూ రావడం.
- కాళ్ళ తిమ్మిరితో పాటు మూత్రం మీద అదుపు తప్పడం. ఇది కూడా ఆ రోజే చూపించుకోవలసింది.
- అడుగులు బాగా చిన్నవైపోవడం, తిరిగేటప్పుడు కాళ్ళు నేలకి అతుక్కున్నట్టు ఆగిపోవడం, చెయ్యి ఊగకపోవడం.
- గత ఏడాదిలో రెండుసార్లు పడటం, లేదా ఒక్కసారే అయినా తల తిరిగి, స్పృహ తప్పి పడటం.
- పిక్క ఒకవైపే వాచి నొప్పిగా ఉండటం.

బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. మాత్రలు మాత్రం మీరే ఆపేయకండి.

షుగర్ ఉన్నవాళ్ళని ఒక ప్రశ్న అడగండి: "నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలియట్లేదా?" అవునంటే, లేదా దూది మీద నడిచినట్టు ఉందంటే, నరాల స్పర్శ తగ్గిందన్నమాట. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బీ12 కూడా తగ్గే అవకాశం ఉంది, రక్తపరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి.

## 3. ఇల్లు, చెప్పులు, బట్టలు: మొదటి రోజు పని

అడుగు వేసేటప్పుడు గాలిలో ఉన్న కాలి వేళ్ళకీ నేలకీ మధ్య ఖాళీ, అత్యంత తక్కువ ఉన్న క్షణంలో, ఒకటి రెండు సెంటీమీటర్లే. వయసులో ఉన్నవాళ్ళకైనా అంతే. డోర్‌మ్యాట్ మడత, గడప అంచు, కుచ్చిళ్ళ చివర, అన్నీ ఆ రెండు సెంటీమీటర్లలోనే కాలికి తగులుకుంటాయి.

గడపకి పసుపు రాసి బొట్లు పెట్టిన ఇళ్ళలో అది కంటికి ఆనుతుంది. నల్ల గ్రానైట్ ఫ్లోర్‌కి నల్ల గ్రానైట్ గడపే వేసిన ఇళ్ళలో, చుక్కలమందు వేసుకున్న కళ్ళకి, ఆపరేషన్ చేయించుకోని శుక్లాల కళ్ళకి, అసలు కనపడదు. అలాంటి గడప అంచుకి పసుప్పచ్చ టేప్ అంటించండి. యాభై రూపాయల పని.

- చీర కుచ్చిళ్ళు, నైటీ అంచు, పంచె, లుంగీ చీలమండ పైన ఉండేలా కట్టుకోవాలి.
- హవాయి చెప్పులు మానిపించండి. అవి జారిపోకుండా ఉండటానికి వేళ్ళు ముడుచుకుని పట్టుకోవాలి, దాంతో పాదం సరిగ్గా ఎత్తడం కుదరదు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి.
- మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి.
- బాత్రూమ్‌లో గోడకి దిగగొట్టిన స్టీలు రాడ్డు ఉండాలి. టవల్ స్టాండు మనిషి బరువు ఆపదు.
- తలస్నానం కూర్చునే, జారని స్టూలు మీద.
- సెల్ ఛార్జర్ వైర్లు, దారిలో పెట్టిన బిందెలు, చిన్న పీటలు తీసేయండి.

## 4. ఇంట్లో చేసుకునే నాలుగు పరీక్షలు

పక్కన ఒక మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడాలి. అంకెలు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాయండి.

లేచి, నడిచి, కూర్చోవడం. కుర్చీలోంచి లేచి, మామూలు వేగంతో 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రెండడుగుల టైల్స్ అయితే ఐదు టైల్స్ లెక్క పెట్టుకోండి, సరిపోతుంది. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క.

30 సెకన్ల కుర్చీ పరీక్ష. చేతులు గుండెల మీద కట్టుకుని పూర్తిగా లేవడం, కూర్చోవడం. 65 నుంచి 69 ఏళ్ళ ఆడవాళ్ళు 11 కన్నా, మగవాళ్ళు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్ళలో బలం తక్కువే. 75 నుంచి 79 ఏళ్ళకి ఆ అంకెలు 10, 11. చెయ్యి ఊతం తీసుకుంటే సున్నా రాయండి, జాలిపడి మార్కులు వేయకండి.

నాలుగు నిలబడే తీరులు. పాదాలు పక్కపక్కన ఆనించి, తర్వాత ఒక పాదం సగం ముందుకి, తర్వాత ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి ఒకే గీత మీద, చివరికి ఒంటికాలి మీద. ఒక్కోటి 10 సెకన్లు. మూడోది 10 సెకన్లు నిలబడలేకపోతే మీ పని అక్కడ మొదలవుతుంది.

నడక వీడియో. పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, ఫోన్ నడుము ఎత్తులో పట్టుకుని తీయండి. "మామూలుగా నడువమ్మా" అంటే కెమెరా ముందు అందరూ చక్కగా నడుస్తారు. అందుకే నేను వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని మాట్లాడుకుంటూ వెళుతున్నప్పుడు తీస్తాను. అసలు నడక అప్పుడు బయటపడుతుంది.

పాత చెప్పులు కూడా తిరగేసి చూడండి. ఒక చెప్పు ముందు అంచు మాత్రమే అరిగి ఉంటే ఆ కాలు ఈడుస్తున్నట్టు. ఒకవైపు అంచే అరిగితే బరువు అటు పడుతున్నట్టు.

## 5. వీడియోలో ఏది కనిపిస్తే ఏది బలహీనం

- నడుము ఒకవైపు వాలుతోంది, లేదా భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి: నేల మీద ఉన్న కాలి వైపు పిరుదు పక్క కండ. భుజం ఏ కాలి మీదికి వాలుతోందో ఆ కాలే బలహీనం అయ్యుండొచ్చు, అటువైపు తుంటి నొప్పి కూడా అయ్యుండొచ్చు, అడగండి.
- పాదం చప్పుడు, వేళ్ళు తగులుకోవడం: మోకాలి కింద ముందు కండ.
- మడమ లేవకుండా పాదం మొత్తం ఒకేసారి ఎత్తడం, చిన్న అడుగులు: పిక్క.
- మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కుకుంటూ మెట్లెక్కడం: తొడ ముందు కండ.
- కాళ్ళు ఎడంగా, చూపు ఎప్పుడూ నేల మీదే: స్పర్శ గానీ నిలకడ గానీ తగ్గింది.

ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉంటాయి. కంగారు పడకండి, కింది వరుస అన్నింటికీ పనికొస్తుంది.

## 6. వ్యాయామాల వరుస

వంటగట్టు దగ్గర చేయించండి. అది కదలదు, నడుము ఎత్తులో ఉంటుంది. వెనక ఒక కుర్చీ వేసి ఉంచండి. బలానికి సంబంధించినవి వారానికి మూడు రోజులు, ఒక్కోటి 8 నుంచి 10 సార్లు, రెండు విడతలు. నిలకడవి రోజూ పది నిమిషాలు.

మొదటి రెండు వారాలు

కుర్చీలోంచి లేవడం. పాదాలు మోకాళ్ళ కన్నా కాస్త వెనక్కి లాగాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి, అప్పుడు లేవాలి. చాలామంది పాదాలు ముందుకు చాపి, వెనక్కి వాలి, చేతులతో తోసుకుని లేవాలని చూస్తారు. ఒంటి బరువు పాదాల మీదికి రాకుండా ఎవరూ లేవలేరు, పాతికేళ్ళ కుర్రాడైనా సరే. కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. మెట్లు దిగేటప్పుడు, బరువు ఆపుకునేటప్పుడు కావలసిన బలం ఈ దిగడంలోనే వస్తుంది. లేవలేకపోతే కుర్చీ మీద దుప్పటి మడతపెట్టి ఎత్తు పెంచండి, బలం వచ్చేకొద్దీ ఒక్కో మడత తీసేయండి.

గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మెల్లగా దిగడం. గోడకి వీపు ఆనించి కాలివేళ్ళు పైకెత్తడం. పాదాలు పక్కపక్కన పెట్టి నిలబడి బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చడం.

మూడు, నాలుగు వారాలు

పక్కకి కాలు ఎత్తడం మొదలుపెట్టండి. బొటనవేలు ముందుకే చూడాలి, బయటికి తిరిగితే పని వేరే కండకి పోతుంది. ఒళ్ళు అవతలికి వాలకూడదు. కాలు జానెడు లేస్తే చాలు. ఎత్తిన కాలి కన్నా నేల మీద ఉన్న కాలి పిరుదు ఎక్కువ అలిసినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టే.

గట్టు పట్టుకుని పక్కకి నడవడం, ఒకే గీత మీద నిలబడటం కూడా ఇప్పుడే.

ఐదో వారం నుంచి

ఒంటికాలి మీద నిలబడటం: మొదట రెండు చేతులు గట్టు మీద, తర్వాత ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్ళు, తర్వాత గాలిలో. అది 10 సెకన్లు వచ్చాక తల మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ. కళ్ళు మూసుకుని చేసేవి అన్నిటికన్నా చివర, గది మూలలో వీపు గోడల వైపు, ముందు కుర్చీ, పక్కన మనిషి. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్ళు ఇంట్లో ఒంటరిగా కళ్ళు మూసుకుని అసలు చేయొద్దు.

మొదటి రెండు మూడు వారాల్లో "కాస్త బలం వచ్చింది" అంటారు. అది ఎక్కువగా నరాలు కండని వాడుకోవడం నేర్చుకోవడం వల్ల. కండ నిజంగా పెరగడానికి ఇంకా వారాలు పడుతుంది. సరిగ్గా ఈ దశలోనే బాగైపోయిందని మానేస్తారు, మానొద్దు. 65 దాటినవాళ్ళు నిలకడ, బలం పెంచే వ్యాయామాలు వారానికి కనీసం మూడు రోజులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. రెండు నెలల కోర్సులా చూడకండి.

కండ పట్టేసినట్టు ఒకటి రెండు రోజులు ఉంటే ఫర్వాలేదు. కీలు వాచినా, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి వచ్చినా సగానికి తగ్గించండి.

## 7. చేతికర్ర: ఏ చెయ్యి, ఎంత ఎత్తు

గత నెలలో ఒక పెద్దావిడ వచ్చింది. కుడి మోకాలు నొప్పి, కుడి చేతిలోనే కర్ర, ప్రతి అడుగుకీ ఒళ్ళంతా కుడివైపు వాలిపోతోంది. "పెద్దమ్మా, కర్ర ఎడమ చేతిలోకి మార్చండి" అంటే, "నొప్పి ఇటుంటే కర్ర అటు పెట్టమంటావేంటి నాయనా" అంది. పది అడుగులు వేయించాను. పదో అడుగుకి ఆవిడ ముఖంలో బిగింపు సడలింది, వెనక్కి తిరిగి కూతురి వైపు చూసి, "ఏడాది నుంచి తప్పు చేతిలో మోస్తున్నానే" అంది.

నొప్పి కాలికి ఎదురు చేతిలో కర్ర ఉండాలి. కారణం పైన చెప్పిన కావడే. కర్ర అవతలి చేతిలో, తుంటికి దూరంగా ఉంటుంది కాబట్టి కొద్దిగా నొక్కినా పొడుగు వైపు వేలాడే బరువుకి ఊతం దొరుకుతుంది, పిరుదు కండ అంత గట్టిగా లాగనక్కర్లేదు, కీలు మీద భారం తగ్గుతుంది. నొప్పి వైపే పట్టుకుంటే ఆ సాయం దాదాపు ఉండదు.

- ఎత్తు: చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే, మణికట్టు గీత దగ్గరికి కర్ర పిడి రావాలి. పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగి ఉండాలి.
- వరుస: కర్ర, నొప్పి కాలు కలిసి ముందుకి. తర్వాత మంచి కాలు.
- మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పి కాలు ముందు. రెయిలింగ్ ఉంటే రెండో చెయ్యి దాని మీదే.
- కర్ర అడుగున రబ్బరు బిరడా నెలకోసారి చూడండి. గీతలు అరిగి నున్నగా అయితే తడి టైల్స్ మీద జారుతుంది, మార్చేయండి.

పక్షవాతం వచ్చినవాళ్ళకి, రెండు కాళ్ళూ బలహీనమైనవాళ్ళకి కర్ర చాలకపోవచ్చు. వాకరా, నాలుగు కాళ్ళ కర్రా అనేది ఫిజియో చూసి చెప్పాలి.

## 8. ఇప్పుడు నడక

కుర్చీ పరీక్ష అంకె పెరిగి, గీత మీద 10 సెకన్లు నిలబడగలిగాక నడక సమయం పెంచండి. అప్పటిదాకా ఇంట్లో, వరండాలో పది నిమిషాల చొప్పున చాలు.

చెప్పవలసిన మాటలు తక్కువగా ఉండాలి. "మడమ ముందు ఆనించు", "పది అడుగుల ముందుకి చూడు". ఒక రోజుకి ఒక్క మాటే. ఐదారు సూచనలు ఒకేసారి చెబితే ఆ టెన్షన్‌కి ఒళ్ళు బిగుసుకుపోయి నడక ఇంకా చెడుతుంది.

తిరిగేటప్పుడు ఒక కాలి మీద గిర్రున తిరగకూడదు. చిన్న చిన్న అడుగులతో అరచందమామ గీసినట్టు తిరగాలి. ఫోన్ వస్తే ఆగి మాట్లాడాలి, నడుస్తూ మాట్లాడకూడదు.

## 9. ఎక్కువగా చూసే తప్పులు

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళడం. ప్రేమతోనే చేస్తారు, కానీ మన వేగానికి లాగితే వాళ్ళ ఒంటి బరువు పాదాలు దాటి ముందుకి పోతుంది. వాళ్ళ బలహీనమైన వైపు, అరడుగు వెనక నడవండి. వాళ్ళనే మీ మోచెయ్యి పట్టుకోనివ్వండి.

"పడతావ్, కూర్చో" అనడం. ఒకసారి పడ్డాక ఇల్లంతా కలిసి మంచానికి కట్టిపడేస్తారు. కూర్చునేకొద్దీ కండ కరుగుతుంది, కరిగేకొద్దీ మళ్ళీ పడతారు. వంటగట్టు పట్టుకుని నిలబడే పనులైనా చేయనివ్వండి. చిక్కుడుకాయలు నిలబడి తుంచినా అది వ్యాయామమే.

వ్యాయామాలు మంచం మీదే ఆపేయడం. పడుకుని కాలు ఎత్తడం మొదట్లో మంచిదే. నిలకడ మాత్రం నిలబడితేనే వస్తుంది.

ఆరు వారాలకోసారి నాలుగు పరీక్షలూ మళ్ళీ చేసి నోట్‌బుక్‌లో రాయండి.

## 10. పడిపోతే లేవడం

ఇది పడకముందే, పరుపు మీద, ఒక మంచి రోజున నేర్పించాలి. మోకాళ్ళ మీద ఉండలేనివాళ్ళ చేత బలవంతంగా చేయించకండి.

1. వెంటనే లేపొద్దు. ఒక నిమిషం అలాగే పడుకుని చేతులు, కాళ్ళు మెల్లగా కదిపి చూసుకోవాలి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనపడినా కదపకుండా 108.
2. ఒక పక్కకి దొర్లాలి.
3. మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదికి రావాలి.
4. దగ్గర్లోని కుర్చీ దాకా పాకాలి. మీరు కుర్చీ తెచ్చి ముందు పెట్టండి, చంకల్లో చేతులేసి లాగకండి.
5. రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి, బలమైన కాలి పాదం నేలకి ఆనించాలి.
6. చేతులతో, ఆ కాలితో నొక్కి లేచి, తిరిగి కుర్చీలో కూర్చోవాలి. ఐదు నిమిషాలు లేవొద్దు.

తలకి దెబ్బ తగిలి, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, బాగానే ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ళకైతే ఫోన్ బల్ల మీద కాకుండా మెడలో తాడుకో, జేబులోనో ఉండాలి. నేల మీద పడి ఉన్న మనిషికి బల్ల మీది ఫోన్ అందదు.